డబ్బాకొక స్టీలు గ్లాసు

ఘనపూర్‌లో మా మెడికల్ షాపు మెట్లెక్కిన మనిషి ఉత్త చేతులతో దిగిపోడు. అది నా గొప్ప. నా భర్త యూసుఫ్ చీటీ చూసి మందులిస్తాడు. మాట్లాడే పని మాత్రం నాది. ఈ చలికాలంలో పసిపిల్లల పాలపొడి డబ్బాలు నాలుగు గడువు దగ్గరపడి అరలో ఉండిపోయాయి. నేను ఊరుకుంటానా? ఒక్కో డబ్బాకు ఒక స్టీలు గ్లాసు రబ్బరుబ్యాండుతో బిగించి, “గ్లాసు ఉచితం” అని అట్టముక్క మీద రాసి అందరికీ కనబడేలా ముందు పెట్టాను.

“పాలపొడికి ఆఫర్ పెట్టొద్దని రూలున్నది లతీఫా,” అని యూసుఫ్ నసిగాడు.

“సబ్బుకు పెడ్తలేమా? దీనికేమైంది?” అని అతని నోరు మూయించాను.

మూడో డబ్బా దీప తీసుకుపోయింది. పక్క తండా పిల్ల. మొదటి కాన్పుకు తల్లి తుల్సీబాయి ఇంటికి వచ్చి ఉంది. నిజానికి దీప అడిగింది కడుపునొప్పి మందు. నెల దాటిన పాప పొద్దుగూకితే చాలు ఆగకుండా ఏడుస్తోందట.

“నీ పాలు సాల్తలేవేమో బిడ్డా,” అన్నాను. పాపను నేను చూడనైనా లేదు. నోటికి వచ్చింది, అనేశాను. దీప గ్లాసును గోటితో మీటి చూసి, మోత నచ్చి, డబ్బా సంచిలో వేసుకుంది.

మూడు వారాల తర్వాత తుల్సీబాయి పాపను కొంగులో చుట్టుకుని మా మెట్లెక్కింది. వెనక దీప తల దించుకుని నిలబడింది. కొంగు తీసి చూశాను. పుల్లల్లాంటి చేతులు, చర్మం ముడతలు పడిన ముఖం, ఏడవడానికి కూడా ఓపిక లేని కళ్లు.

“డబ్బా జల్ది ఒడుస్తదని మూడు చెంచలకు ఒక్కటే ఏసినం అక్కా,” అంది తుల్సీబాయి. “పొడిపాలకు మరిగినంక రొమ్ము పడ్తలేదు. దీపకు పాలెండినయ్. ఇంకో డబ్బా ఇయ్యి. దానికి గూడ గ్లాసుంటదా?”

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. గ్లాసు అడిగింది.

డబ్బా ఇవ్వలేదు. వాళ్లిద్దరినీ ఆటో ఎక్కించి దవాఖానకు తీసుకుపోయాను. పాపకు వేరే రోగమేదీ లేదని, ఉన్నదంతా ఆకలేనని డాక్టర్ చెప్పాడు. అక్కడి నర్సమ్మ సంగతంతా విని నా వైపు తిరిగింది.

“గ్లాసు కట్టి అమ్మింది నువ్వేనా?”

“ఉత్తగనే ఇచ్చిన. తప్పేంది?” అన్నాను. నా నోరు అంత తేలిగ్గా తగ్గదు.

“అందుకే వద్దన్నది. పసిపిల్లల పాలపొడికి తగ్గింపు, బహుమతి, ముందల పెట్టి ఊరించుడు, ఏదీ ఉండొద్దని చట్టమే ఉన్నది. అవసరమున్న బిడ్డకు అమ్ము, ఎవరొద్దన్నరు? ఆశ వెట్టి అమ్మొద్దు. గ్లాసు ఇచ్చినవ్. ఎండిన పాలు గూడ ఇస్తవా?”

నేను పాప మీద జారిన కొంగు సర్దాను.

“మళ్ల రావా అమ్మా పాలు?” అని తుల్సీబాయి అడిగింది.

“రావచ్చు, రాకపోవచ్చు. బిడ్డ రొమ్ము చీకాలె, అదొక్కటే మందు,” అంది నర్సమ్మ. తర్వాత నా దిక్కు చూసింది. “పసిపిల్లలకు వాడే సన్న గొట్టం నీ షాపుల ఉంటదిగా. పట్కరాపో.”

ఆటోలో పోయి పరుగున తెచ్చాను. ఆమె గొట్టం ఒక కొసను సరిగ్గా కలిపిన పొడిపాలల్లో ముంచి, రెండో కొసను దీప రొమ్ము మీద పాప నోటికి అందేలా ప్లాస్టర్‌తో అంటించింది. పాప రొమ్ము చీకితే పాలు గొట్టంలోంచి నోట్లోకి వస్తాయి. కడుపూ నిండుతుంది, ఎండిన రొమ్ముకు పనీ గుర్తొస్తుంది. పాప ఇంకా గట్టిగా చీకేలా రోజురోజుకు పాల గిన్నెను కొంచెం కొంచెం కిందికి దించమని, రెండు రోజులకొకసారి పాపను తూకానికి తెమ్మని చెప్పింది.

ఆ సాయంత్రం షాపులోని అట్టముక్క చింపేశాను. యూసుఫ్ నాలుగో డబ్బాకున్న గ్లాసు విప్పి, డబ్బాను వెనక అరలో పెట్టాడు.

రోజూ మధ్యాహ్నం కొత్త గొట్టం పట్టుకుని తండాకు పోయాను. వాకిట్లో మిర్చి ఎండుతుండేది. లోపల దీప గోడకు ఆనుకుని కూర్చునేది, తుల్సీబాయి పాలు పట్టుకునేది. దేనిలో అనుకున్నారు? నేను కట్టి ఇచ్చిన ఆ స్టీలు గ్లాసులోనే. దాని వంక చూడటానికి నాకు ముఖం చెల్లేది కాదు. పాపకు తూకం పెరుగుతోంది. దీప రొమ్ము మాత్రం ఎండిన బావిలాగే ఉంది.

“గొట్టమే దీని తల్లి. నేను గాదు,” అని ఎనిమిదో రోజు దీప ఏడ్చింది. ఓదార్చడానికి నాకు నోరు రాలేదు. ఆమెకు పాలు చాలవని చెప్పిన నోరే కదా ఇది.

పదకొండో రోజు గ్లాసు నేల మీదికి దిగింది. పాప రొమ్ము పట్టింది. పాలు గొట్టంలో సగం దాకా ఎక్కి ఆగిపోయాయి.

“మూసుకపోయింది,” అని తుల్సీబాయి కంగారు పడింది.

నేను ప్లాస్టర్ ఊడదీసి గొట్టం బయటికి లాగాను. గ్లాసు పైకెత్తి, కొస కిందికి వంచాను. నా అరచేతిలో పాలు ధారగా పడ్డాయి. గొట్టం బాగానే ఉంది. మళ్లీ అంటిద్దామని వంగాను.

పాప మింగుతోంది.

గొట్టం నా చేతిలో ఉంది. గ్లాసులో పాలు దాదాపు అలాగే ఉన్నాయి. పాప దవడ కదులుతోంది, గొంతులో గుటక పడుతోంది, మళ్లీ ఇంకొకటి. ఆ చిన్న గదిలో గుటకల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. దీప కదిలితే ఆగిపోతుందేమోనని ఊపిరి బిగబట్టింది. ఆమె జాకెట్టు రెండో వైపు తడిసి, ఆ తడి మెల్లగా పెద్దదవుతోంది.

“సుభానల్లా,” అన్నాను. ఇరవై ఏళ్లుగా మందుల మధ్య బతుకుతున్నాను. ఇలాంటిది నా అరల్లో ఎప్పుడూ లేదు, ఉండదు కూడా. తుల్సీబాయి తన భాషలో ఏదో అంటూ నేలకు తల ఆనించింది.

ఇంకొన్నాళ్లు గొట్టం కావాలని, తూకం మానొద్దని నర్సమ్మ తర్వాత చెప్పింది. ఆ మధ్యాహ్నం మాత్రం తుల్సీబాయి లేచి, ముట్టని పాలు పారబోసి, గ్లాసు తోమి, నిండా నీళ్లు పోసి నా ముందు పెట్టింది.

“ఎండల నడిచొచ్చినవ్. తాగక్కా.”

ఆ గ్లాసును రెండు చేతులతో అందుకున్నాను. అడుగు కనబడేదాకా తాగాను.