దిండు

మోకాలికి పట్టీ చుట్టుకుని, చేతివేళ్లకు టేపు వేసుకుంటున్నాడు అతను. చెవులు రెండూ ఎప్పుడో నలిగి, ఎండిన అల్లం కొమ్ముల్లా ముడుచుకుపోయాయి. కుస్తీ జట్టులో అందరూ అతన్ని దిండు అంటారు. ఎవరు కొత్త పట్టు నేర్చుకోవాలన్నా ముందు అతన్నే పడేస్తారు. మీసం మొలిచిన నాటి నుంచి అతని ఉద్యోగం అదే. ఎన్నో దేశాలు దిగిన ఈ పెద్ద పోటీలకు జట్టుతో వచ్చాడు గానీ, అతని పేరు మీద పోటీ ఏదీ లేదు. పతకాల మ్యాట్ తెరకు అవతల ఉంది. అతని మ్యాట్ ఇవతల, సాధన హాల్లో.

"కాస్త కాలు తియ్యి తమ్ముడూ," అంది మ్యాట్లు తుడిచే ఆమె. "నిన్న అటువైపు మ్యాట్ మధ్యలో ఎవరివో బూట్లుంటే పక్కన పెట్టాను. అందరూ నామీద విరుచుకుపడ్డారు. నేనేమన్నా ఎత్తుకెళ్లానా?"

"కుస్తీ మానేసేవాళ్లు చివరి పోటీ అయ్యాక అలా వదిలిపోతారక్కా. వాటిని కదపకూడదు."

"మరి తుడిచేదెలా?"

"చుట్టూ తుడవాలి."

"కంపుకొట్టే బూట్లకి ఇంత మర్యాదా," అని నవ్వుకుంటూ పోయింది.

జట్టంతా వస్తాదు అని పిలుచుకునే కుర్రాడు నిన్న సెమీఫైనల్లో ఓడిపోయాడు. వెనకనుంచి నడుం పట్టి ఎత్తి పడెయ్యడంలో అతనికి పేరు. నిన్న ఎత్తబోతే అవతలివాడు బండరాయిలా నిలబడ్డాడు. ఖర్మ అన్నాడు కోచ్. ఖర్మ కాదని దిండొక్కడికే తెలుసు. వేసవిలోనే దిండు నడుం పాడైంది. నొప్పికి భయపడి, పట్టు బిగిసే లోపే తనంతట తానే లేచి పడుతున్నాడు. చెబితే ఇంటికి పంపేస్తారు. పడటం తప్ప అతని దగ్గర అమ్మడానికి వేరే సరుకు లేదు. ఆ ఒక్క సరుకులోనూ కల్తీ కలిపాడు. నమ్మి కొన్నవాడు వస్తాదు.

ఈ రోజు కాంస్యం కోసం పోటీ. పోటీ రోజు దిండు పని తేలిక. ఏ పట్టు పట్టినా పడాలి, ధైర్యం నింపి పంపాలి. బోణీ బేరం లాంటిది, కాదనకూడదు.

వస్తాదు వెనకనుంచి నడుం చుట్టి ఎత్తాడు. దిండు లేవలేదు.

"ఏంటన్నా, రాత్రి బాగా తిన్నావా?"

"మళ్లీ పట్టు."

మళ్లీ లేవలేదు. కోచ్ వచ్చాడు. "ఏరా, పోటీ పూట వాడి ధైర్యం తీస్తావా? పడు."

"పడనండి."

ఇన్నేళ్లలో ఆ మాట అతని నోట కోచ్ వినలేదు.

"ఇన్నాళ్లూ నువ్వు పడెయ్యలేదు తమ్ముడూ, నేనే పడ్డాను," అన్నాడు దిండు. "నా నడుం పోయింది. నీ చేతులు పక్కటెముకల దగ్గరే ఆగిపోతున్నాయి. ఇంకా కిందకి దిగాలి. నీ తుంటి నాకు ఆనాలి. నిన్న వాడు లేవనిది అందుకే."

వస్తాదు అతని ముందుకు వచ్చాడు. "ముందే చెప్పుంటే నిన్న గెలిచేవాణ్ణి కదన్నా."

దిండు వెనక్కి తిరిగి మోకాళ్లు వంచి నిలబడ్డాడు. "కోపంగానే పట్టు."

చేతులు ఈసారి తుంటి ఎముకల మీద బిగిశాయి. కాళ్లు నేల వదిలాయి. పడగానే నడుంలో ఏదో తెగినట్టయి, కాలి వేళ్ల దాకా మంట పాకింది. లేవకుండానే, "ఇదీ," అన్నాడు.

పోటీ వేళకి గోడకు జారబడి నడుం కింద ఐసు సంచి పెట్టుకున్నాడు. తెర అవతల హోరు, విజిల్, ఉన్నట్టుండి నిశ్శబ్దం. తర్వాత మ్యాట్ మీద ఒక ఒళ్లు పడిన చప్పుడు. దొంగగా పడ్డారో నిజంగా పడ్డారో చప్పుడుతోనే చెప్పగలడు అతను. ఇది నిజమే.

కోచ్ తెర తొలగించుకుని వచ్చాడు. "వచ్చిందిరా. అదే పట్టుతో."

"ఏమన్నా అన్నాడా అండీ?"

"నీ గురించా? ఏమీ అనలేదు. ఫొటోల దగ్గరున్నాడు." కోచ్ ఐసు సంచి వైపు చూశాడు. "ఇంటికెళ్లి డాక్టరుకి చూపించుకో. మేం ఇంకొకణ్ణి చూసుకుంటాం."

"సరేనండి."

చేతికొచ్చిన కాంస్యంలో అతనికి భాగం లేదు. చేజారిన బంగారంలో మాత్రం ఉంది. లెక్క ఎటునుంచి చూసినా అంతే తేలింది.

హాలు ఖాళీ అయ్యాక చెప్పులు వేసుకున్నాడు. అటూ ఇటూ చూసి, బూట్లు సాధన మ్యాట్ మధ్యలో పెట్టాడు. ఒక్క పోటీ కూడా ఆడనివాడు అలా పెట్టవచ్చో లేదో అతనికి తెలియదు. సంచి భుజాన వేసుకుని, గోడ పట్టుకుని నడుస్తూ వెళ్లిపోయాడు.

మ్యాట్లు తుడిచే మాపు తోసుకుంటూ వచ్చిన ఆమె మధ్యలో ఆగింది. అరిగిన మడమలు, ఒకదానికి లేసుకు బదులు చుట్టిన టేపు. హాల్లో అడగడానికి ఎవరూ లేరు. మాపు పక్కకు తిప్పి, చుట్టూ తుడుచుకుంటూ పోయింది. తడిసి మెరుస్తున్న మ్యాట్ నడుమ, పొడిగా మిగిలిన కాస్త జాగాలో, ఆ జత బూట్లు.