కైలాసం చెవి

కైలాసం తల పక్కకు వాల్చి, కర్ర చివరి ఇనుప మొనతో బాయి పైకప్పును కొట్టాడు. ఖంగుమంది. రెండడుగులు జరిగి మళ్ళీ కొట్టాడు. అక్కడా ఖంగుమంది. పైరాయి గట్టిగా ఉంటే అలా మోగుతుంది, లోపల విడిపోయి ఉంటే ఖాళీ డబ్బాలా పలుకుతుంది. నస్పూర్ దగ్గరి ఆ బొగ్గుబాయిలో పద్దెనిమిదేళ్ళుగా అతని పని ఇదే: కొట్టడం, వినడం, కప్పు కింద దుంగలు నిలబెట్టడం. ఎండిపోయిన ఒళ్ళు, వంగిన వీపు, బొగ్గు ఇంకిన గోళ్ళు. కళ్ళు కూడా అంతంతమాత్రమే. చెవులు మాత్రం, అబ్బో, వాటి సంగతి వేరు. పొద్దుటినుంచి కప్పు నుంచి సన్నగా పొడి రాలుతోంది.

ఆ చెవులకు చదువు చెప్పింది ఎవరనుకున్నారు? మంచిర్యాల స్టేషన్ ముందరి హోటల్ రేడియో. డెబ్బై రెండులో, ఇరవయ్యేళ్ళ వయసులో, ఒక సాయంత్రం చాయ్ తాగుతుంటే అందులో ఇంగ్లీషు పాట మొదలైంది. పాటనడానికీ లేదు, ఎంతసేపటికీ గొంతే లేవలేదు. గిటారు, చర్చిలో వినిపించేలాంటి పెద్ద హార్మోనియం, డ్రమ్ములు. కాలు వేసిన చోట దరువు పడదు. ఒకసారి ఐదు, ఒకసారి ఏడు, అంతలో మాయం. బంద్ చెయ్యమని అందరూ గోల చేశారు. కైలాసం బల్లమీద వేళ్ళతో లెక్కపెడుతూ కూర్చున్నాడు. వార్తల వేళ కావడంతో పాట మధ్యలోనే తెగిపోయింది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

ఆ తర్వాత ప్రతి వారం అదే వేళకు అదే బల్ల. పాతకాగితాల దుకాణం మునీర్ ఇంటర్ దాకా చదివినవాడు. హైదరాబాద్ నుంచి చిత్తుకాగితాల మూటల్లో వచ్చే విదేశీ సంగీత పత్రికలు పక్కకు తీసి చదివి చెప్పేవాడు. దీన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారనీ, ఒక్కో పాట రికార్డు ఒక పక్కంతా సాగుతుందనీ, తాళం మారబోయే ముందు వాయించేవాళ్ళు చిన్న జాడ వదులుతారనీ వాటివల్లే తెలిసింది. ఆ జాడంటే కైలాసం చెవి కోసుకునేవాడు. రేడియో మాత్రం ఒక్క పాటనూ చివరిదాకా పోనివ్వలేదు. పెళ్ళయ్యాక భార్య చంద్రవ్వ ఆ పత్రికలు చూసి, గీ తెల్లోల్ల బొమ్మలతోని ఏం జేస్తవని నవ్వింది.

ఇప్పుడూ కర్ర బాగానే పలుకుతోంది. అయినా కైలాసం కదల్లేదు. బరువుకు దుంగలు కిర్రుమనడం రోజూ ఉండేదే. ఇవాళ ఆ కిర్రు వరస తప్పింది. ఎడమ దుంగ, కుడి దుంగ, కాస్త ఆగి మళ్ళీ ఎడమదే రెండుసార్లు. తాళం మారబోతోంది.

అవతల ఆరుగురు బొగ్గు నింపుతున్నారు. వాళ్ళ పని చూసే సర్దార్ దయాకర్‌రావు తానే కర్ర తీసుకుని కప్పును కొట్టాడు.

"మంచిగనే ఉన్నది గదా, కైలాసం?"

"కర్ర మంచిగనే పలుకుతున్నది, సర్దార్ సాబ్. దుంగలే కలిసి పలుకుతలేవు. జర మనుషుల్ని బయటికి తియ్యుండ్రి."

ఇన్నేళ్ళలో కైలాసం చూసిన చోట ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. ఆ గౌరవంతో సర్దార్ ఆరుగురినీ వెనక్కి పిలిచాడు. అరగంట గడిచింది. ఏమీ కాలేదు. ఆరుగురిలో పెద్దవాడైన అంతయ్య, వీడు రేడియో పిచ్చిని బాయిలోకి కూడా తెచ్చాడని ఎగతాళి చేశాడు. అందరూ నవ్వారు. కైలాసానికి సిగ్గేసింది. తన చెవే మోసం చేసిందేమోనని భయమూ వేసింది. ఆ చెవి తప్ప అతనికి ఈ లోకంలో ఇంకేముంది గనక.

సర్దార్ ఇక లోపలికి పొమ్మన్నాడు. అంతయ్య పార అందుకున్నాడు. కైలాసం చెయ్యి అడ్డం పెట్టాడు.

"జర ఆగు, అంతయ్యా. ముందుగాల నేను పోయి వింట. నేను పిలిస్తెనే రాండ్రి."

వంగి, ఒక్కడే వెళ్ళాడు. కర్ర చప్పుడు వినిపించింది. ఖంగు. మళ్ళీ ఖంగు. తర్వాత కొట్టడం మానేశాడు, వింటున్నాడు కాబోలు. సర్దార్ కేకేశాడు.

"ఎవ్వలు రాకుండ్రి," అన్నాడు కైలాసం, చాలా మామూలుగా.

గాలి ఒక్కసారిగా వాళ్ళ ముఖాలకు కొట్టింది. దుమ్ము అణిగేసరికి ఎదురుగా ఉన్నదంతా రాయే. అంతయ్య పార పక్కన పడేసి, ఏడుస్తూ చేతులతోనే తవ్వడం మొదలుపెట్టాడు.

శవం దొరికేసరికి షిఫ్టు దిగిపోయింది. బాయిలోకి దిగేవాడు తన నంబరు బిళ్ళ దీపాల గది మేకుకు తగిలించి దీపం తీసుకోవాలి, పైకొచ్చి దీపం ఇస్తే బిళ్ళ తిరిగి ఇస్తారు. ఆరుగురూ, సర్దారూ దీపాలు అప్పగించి తమ బిళ్ళలు అందుకున్నారు. ఖాళీ మేకుల వరసలో కైలాసం ఇత్తడి బిళ్ళ ఒక్కటే మిగిలింది.