ఇద్దరి హాజరు

లెక్చర్ హాలు మెట్లు ఎంత ఎక్కినా అయిపోవడం లేదు, పైకి వెళ్ళేకొద్దీ అది హాస్టల్ మెస్ అవుతోంది, మెస్ కాస్తా ఆడవాళ్ళ వార్డు అవుతోంది, కింద ఎక్కడో సారు రోల్ నంబర్లు పిలుస్తున్నారు, మృదులకేమో తన నంబరు గుర్తు రావడం లేదు. గుర్తున్నది నలభై రెండు ఒక్కటే. అది షారోనుది. ఇద్దరూ ఒకే గదిలో ఉండి మెడిసిన్ చదివేవారు. పోయిన ఏడు మార్చిలో షారోను తన ప్రాణం తానే తీసుకుంది.

ఆ షారోనే ఇప్పుడు చివరి బెంచీలో కూర్చుని పెరుగన్నం కలుపుకుంటోంది.

"కూర్చోవే. సారు ఇంకా మన దాకా రాలేదు."

చచ్చిపోయిన మనిషి పక్కన కూర్చున్నాననే భయం మృదులకి లేదు, అటెండెన్స్ పోతుందేమోనని మాత్రం గుండె దడదడలాడుతోంది. మెడికోల భయాలు అలాగే ఏడుస్తాయి మరి.

"నీకు ఒక్క ఆబ్సెంటు కూడా పడనివ్వలేదే. నాలుగు నెలలు గొంతు మార్చి మరీ నీ బదులు ప్రెజెంట్ చెప్పాను."

"తెలుసు. అందుకే నన్నెవరూ వెతుక్కుంటా రాలేదు."

వారం రాకపోతే ఇంటికి కబురు పంపే కాలేజీ అది. షారోను నాలుగు నెలలు మంచం దిగకపోయినా రిజిస్టరులో మాత్రం నిక్షేపంలా ఉంది.

"ఫార్మకాలజీ పోయిందని దిగులుతో పడుకున్నావనుకున్నా. సైకియాట్రీ ఓపీకి పోదామంటే నువ్వేగా వద్దన్నావు?"

"అక్కడ చూసేది మనకి మార్కులేసే సారేగా. ఊళ్ళో మా నాన్న డాక్టరమ్మ, డాక్టరమ్మ అని చెప్పుకుంటంటే, నేను పేషంటునని ఎట్టా చెప్పనే?"

దీపం కింద చీకటంటే ఇదే. డిప్రెషన్ లక్షణాలు వైవాలో గడగడా అప్పజెప్పి మెప్పు పొందిన మృదుల, పక్క మంచం వైపు సరిగ్గా తిరిగి చూడలేదు. తలుచుకుంటే సిగ్గూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొస్తున్నాయి.

"నా సంగతి వదిలెయ్. నువ్వు తలంటుకుని ఎన్నాళ్ళయింది? అన్నం తిని? క్లాసుకెళ్ళి?"

మృదుల లెక్కపెట్టుకుంటూ ఉండగానే కింద సారు నలభై మూడు అంటారు, అది తన నంబరేనని గుర్తొస్తుంది, నోరు తెరుస్తుంది. ఈలోగా ఎవరో అచ్చం ఆమె గొంతుతోనే "ప్రెజెంట్ సార్" అంటారు.

షారోను కంచం పక్కన పెట్టి మృదుల వైపు భయంగా చూస్తుంది.

మెలకువ వచ్చేసరికి పొద్దున పదిన్నర. కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. ఫోనులో ఇప్పటి రూమ్మేటు ఫర్హానా మెసేజి ఉంది: "నీ అటెండెన్స్ చెప్పేశాలే. పడుకో."

మృదుల ఏదో రాసింది, చెరిపేసింది. మళ్ళీ రాసింది: "ఇంక చెప్పొద్దు. పదకొండు రోజులుగా మంచం దిగలేకపోతున్నా. భయంగా ఉంది. ఓపీకి నాతో వస్తావా?"

ఆ తర్వాతి క్లాసులో ఇద్దరికీ ఆబ్సెంటు పడింది.