బుల్లెమ్మ మడి మీది మబ్బు

లంబాలైన్ పేటలో మధుబాబు ఫోటో స్టూడియో వెనకే బుల్లెమ్మ ఆకుకూరల మడి. కుళాయి నీళ్ళకి పేటంతా అల్లాడే ఎండాకాలంలోనూ ఆవిడ తోటకూర, బచ్చలి నిగనిగలాడేవి. పొద్దు వాలే వేళకి దుప్పటంత మబ్బొకటి సముద్రం మీంచి వచ్చి, ఆ మడి మీద మాత్రమే కురిసి, పక్కనున్న కొబ్బరిచెట్టు మొవ్వులో సర్దుకుని పడుకునేది. అది బుల్లెమ్మ మబ్బని అందరికీ తెలుసు.

ఆ ఏడు మధుబాబు తీసిన పెళ్ళి ఫోటోలు ఎవరికీ నచ్చడం లేదు. కెమెరా నెత్తిన బిగించిన ఫ్లాష్ పెళ్ళికూతురి మొహానికి నూనె పూసినట్టు చేసి, వెనక గోడ మీద నల్లటి నీడ పడేసేది. ఫ్లాష్ ఊడదీసి పక్కన స్టాండు మీద పెట్టాడు. నీడ జరిగింది గానీ వెలుగులో కరుకుదనం పోలేదు. ముందు తెల్లగుడ్డ కట్టి చూశాడు. ఫర్వాలేదనిపించింది. కానీ ఒకరోజు పెరటి కిటికీలోంచి, మబ్బు కింద కలుపు తీస్తున్న బుల్లెమ్మ మొహం కనిపించింది. ముడతలన్నీ ఉన్నాయి, ఏదీ గుచ్చుకోవడం లేదు. ఇక తెల్లగుడ్డ మీద మనసు నిలవలేదు.

మర్నాడు చేపల జెట్టీ నుంచి ఐసు దిమ్మలు తెచ్చి టబ్బులో వేసి, కిటికీ తెరిచిపెట్టాడు. చల్లదనానికి మబ్బు లోపలికొచ్చింది. కిటికీ మూసి, మబ్బు వెనక ఫ్లాష్ వెలిగించాడు. గోల్ ఘర్ పేట నుంచి వచ్చిన దీపిక అనే పెళ్ళికూతురు ఫోటో చూసుకుని, "భయ్యా, ఇది నేనేనా?" అంది. ఆ నోటా ఈ నోటా విని జనం స్టూడియోకి వరస కట్టారు. ఫ్లాష్ వెలిగినప్పుడల్లా మబ్బు కాస్త పలచబడేది. మధుబాబు అది చూశాడు. చూసి కూడా మళ్ళీ నొక్కాడు.

మడి వాడిపోయాక బుల్లెమ్మ వచ్చింది.

"మధూ, మా మబ్బు గానీ ఇటేపు వచ్చిందేటి?"

"లేదు పిన్నీ," అన్నాడు, వెనక తలుపు దగ్గరగా వేస్తూ.

"సరేలే నాయనా."

ఆవిడ ట్యాంకర్ దగ్గర బిందెలతో నీళ్ళు మొయ్యడం మొదలుపెట్టింది. అక్కడి బురదలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. చేతికి తెల్లటి కట్టుతో ఆటో దిగుతున్న ఆవిణ్ణి మధుబాబు చూశాడు. ఆ సాయంత్రమే మబ్బుని తడిపిన దోమతెరలో చుట్టి, దడి దాటించి, మడి మీద వదిలాడు. అది అలా నిలబడింది. ఒక్క చుక్క రాలలేదు.

అతను అరుగు దగ్గరికి వెళ్ళి తలొంచుకున్నాడు. "పిన్నీ, నేనే..."

"తెలుసు. ఆ దీపిక ఆకుకూరకొచ్చి తన ఫోటో చూపించింది. మా మబ్బు వెలుగు నేను పోల్చుకోలేనేటి?"

"మరి నన్ను అడగలేదేం?"

"అడిగాను కదా," అంది బుల్లెమ్మ.

మర్నాడు అతనే బిందె ఎత్తుకుని మడిలోకి దిగాడు. మబ్బు కదిలి నెత్తి మీదికొచ్చి, సన్నగా అతని మీదే కురవడం మొదలెట్టింది. పక్కకి జరిగితే జరిగింది. స్టూడియోలోకి వెళ్తే గుమ్మం బయట ఆగిపోయింది, చినుకు లేకుండా. అతను బిందె కింద పెట్టి మడిలోకి తిరిగొచ్చాడు.

సాయంత్రాలు జరిగే పెళ్ళి రిసెప్షన్లన్నీ రాజ్‌కిరణ్ అనే ఇంకో ఫోటోగ్రాఫరుకి వెళ్ళిపోయాయి. ఫ్లాషులు వెలిగే వేళకి మధుబాబు చొక్కా అంచుల నుంచి నీళ్ళు కారుతూ తోటకూర వరసల మధ్య మెల్లగా నడుస్తుంటాడు. దారిన పోయేవాళ్ళు పలకరించి వెళ్తుంటారు. బుల్లెమ్మ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అరుగు మీంచి చూస్తుంటుంది.

"బచ్చలి దగ్గర ఇంకాసేపు నిలబడు."

నిలబడతాడు.