గింజల కొండ దారి

డోర్సీ గ్రీజు గన్ను మూతిని బ్లేడు కీలుకి ఆనించి గట్టిగా నొక్కాడు. పాత గ్రీజు నల్లగా బయటికి ఉబికి, దాని వెనక కొత్తది ఎర్రగా కనిపించింది. గుడ్డతో తుడిచి పక్క కీలు దగ్గరికి వంగాడు. అరవై దాటిన మనిషి. పొట్టి, బిరుసు మెడ. ఇన్నేళ్లుగా ఒకే వైపు తిరిగి వెనక చక్రాలు చూసుకుంటూ మట్టి రోడ్లు చదును చేసే గ్రేడర్ నడపడం వల్ల కుడి భుజం కాస్త కిందికి జారింది. ఎడమ చెవి ఇంజను చప్పుడుకే పోయింది. చెవి మడతల్లో, కనుబొమ్మల్లో ఎంత కడిగినా పోని తెల్లటి దుమ్ము. ఊళ్లో ఎవరూ అతన్ని పనిగట్టుకుని తలుచుకోరు. రోడ్డు బాగున్నప్పుడు దాన్ని బాగుచేసినవాడు ఎవరికి గుర్తొస్తాడు?

కౌంటీ రోడ్ల షెడ్డుకి పెద్ద అయిన చెట్ అనే అతను కాఫీ కప్పుతో వచ్చి చక్రానికి ఆనుకున్నాడు.

"ఒరే డోర్సీ, ఇవాళ గని రోడ్డు చూడు. స్కూలు బస్సు డ్రైవరు మొత్తుకుంటున్నాడు, గతుకులకి పళ్లు ఊడుతున్నాయంట."

"వాడికి ఉన్నవే నాలుగు."

"అవీ ఊడితే మన మీద పడి ఏడుస్తాడు."

డోర్సీ నవ్వలేదు. "ముందు కౌంటీ ఆఫీసుకి పోయొస్తా. మీటింగుంది."

"నువ్వా? నోరు తెరవమంటే డాక్టరు దగ్గర కూడా తెరవవు కదరా! అక్కడేం చేస్తావ్?"

"ఎల్వీనక్క దారి గురించి చెప్పాలి."

చెట్ మొహంలో నవ్వు పోయింది. "ఆ మాట నీ నోట్లోంచి వచ్చిందా, నిన్ను బండి మీంచి దించేస్తారు. గమ్మునుండు."

డోర్సీ గ్రీజు గన్ను కొక్కేనికి తగిలించి చేతులు కడుక్కున్నాడు.

నెవాడా రాష్ట్రంలో ఆ లోయ చుట్టూ కనుచూపు మేర నేలంతా వాషింగ్టన్‌లోని కేంద్ర సర్కారుదే. ఊరికంటూ ఉన్నది ఇళ్లు, బడి, శ్మశానం. ఎన్నో అర్జీల తరవాత ఉత్తరాన ఉన్న సేజ్ పొదల మైదానాన్ని సోలార్ పలకలు వేసుకోమని సర్కారు కౌంటీకి రాసిస్తోంది. ఇవాళ మీటింగులో కౌంటీ కమిషనర్లు ఒప్పుకుంటే నేల కౌంటీది. దాని ఆదాయంతో మూతబడ్డ ఆస్పత్రి తెరుస్తారు. ఆ ఆస్పత్రి తెరవాలని డోర్సీకి అందరికన్నా ఎక్కువ ఆశ. భార్యకి ప్రాణం మీదికొస్తే పొరుగు కౌంటీ ఆస్పత్రికి తీసుకుపోతూ దారిలోనే పోగొట్టుకున్నాడు.

కానీ ఆ మైదానం నడుమ నుంచి కొండ మీది పిన్యన్ అనే పైన్ చెట్ల దాకా ఒక మట్టి దారి ఉంది. ఏటా ఆకులు రాలే కాలంలో అక్కడి ఆదివాసులు షోషోనీలు ఆ దారినే పోయి గింజలు రాల్చుకుంటారు. అది ఏ మ్యాపులోనూ లేదు. మైదానం చుట్టూ కంచె పడితే కొండకి వేరే దారి లేదు. ఎల్వీనా లాంటి ముసలివాళ్లు మోకాళ్లతో ఎక్కలేరు.

డోర్సీ ఉద్యోగంలో చేరిన మొదటి చలికాలం. కనుమలో మంచు తోడుతూ అతని బండి కూరుకుపోయింది. అటుగా వచ్చిన ఎల్వీనా తండ్రి అతన్ని తన పికప్‌లో వేసుకుని ఇంటికి తీసుకుపోయాడు. ఎల్వీనా తల్లి అతన్ని పొయ్యి పక్కన కూర్చోబెట్టి, దంచిన పిన్యన్ గింజల గంజి గిన్నె చేతిలో పెట్టింది. పట్టుకోవడానికి వేళ్లు వంగకపోతే ఆమే తాగించింది. ఆ ఏడు నుంచి ప్రతి ఏడూ గింజల కాలానికి ముందు, గని రోడ్డు పని ముగించి, అతను బండిని అటు తిప్పి ఆ దారి మీద బ్లేడు దించేవాడు. సర్కారు నేల మీద కౌంటీ బండి దించకూడదు. అందుకే ఎవరికీ చెప్పలేదు.

మీటింగు గదిలో ఎల్వీనా వెనక వరసలో తలగుడ్డ కట్టుకుని కూర్చుని ఉంది. దారి ఉంచమని ఆమె అడగడం అప్పటికే అయిపోయింది. కమిషనర్ల పెద్ద లవాన్ గోడ మీద మ్యాపు చూపిస్తూ నచ్చజెబుతోంది.

"నాకూ బాధగానే ఉంది పిన్నీ. కానీ కౌంటీ ఏనాడూ బాగుచెయ్యని దాన్ని రోడ్డని ఎట్లా రాసేది?"

డోర్సీ టోపీ తీసి లేచాడు. "బాగుచేశాం. నేనే చేశాను."

గది మొత్తం వెనక్కి తిరిగింది.

"ప్రతి ఏడూ చేశాను. కౌంటీ బండితోనే. చెయ్యకూడదని తెలిసే చేశాను. బండి తాళాలు ఇచ్చేస్తా. దారి మాత్రం ఉంచండి."

"ఎందుకు చేశావు?" అంది లవాన్ మెల్లగా.

"వాళ్లింట్లో గంజి తాగాను."

లవాన్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "డోర్సీ, నీ గ్రేడర్ దుమ్ము ఎంత ఎత్తు లేస్తుందో నీకు తెలుసా? ఏటా ఈ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాం. ఈ కుర్చీలో మా నాన్న ఉన్నప్పుడు ఆయనా చూశాడు. 'అదుగో, డోర్సీ ఎవరికీ కనపడకుండా పోతున్నాడు' అనేవాడు."

ఎవరో పకపకా నవ్వారు. తరవాత గదంతా నవ్వింది. డోర్సీ చెవులు ఎర్రబడ్డాయి. ఇన్నాళ్లూ తాను దాస్తున్నాననుకున్నాడు. ఊరే తనని దాచింది.

"మేం చూశామని మేమూ సాక్ష్యం రాస్తాం. తాళాలు నీ దగ్గరే ఉంచుకో," అంటూ లవాన్ పెన్సిల్ తీసుకుని మ్యాపు మీద కొండ దాకా గీత గీసింది. దారికి అటొక కంచె, ఇటొక కంచె. ఆ మార్పుతో నేలని ఒప్పుకున్నారు.

బయట మెట్ల మీద ఎల్వీనా అతని మోచెయ్యి పట్టుకుని దిగింది.

"నీకూ తెలుసా అక్కా?"

"తెలీకేం? మొదటేడు మా అమ్మ దయ్యాలు చేశాయంది. దయ్యాలు ఇంత వంకరగా గీకవే అన్నాన్నేను."

డోర్సీ నవ్వాడు. ఏదో చెప్పబోయి, టోపీని చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు.

"చాల్లేరా, నాకు వినపడింది," అంది ఆమె. "రేపు పొద్దున్నే పోతాం. కొండ మొదట్లో రాళ్లు తేలాయి, కాస్త చూడు."

"ఇవాళే చూస్తా."

షెడ్డులో చెట్ అప్పటికే విన్నాడు. "పో, ఇవాళ పట్టపగలే పో. బస్సువాడి పళ్లు రేపటిదాకా ఆగుతాయి."

ఎండ వాలుతుండగా డోర్సీ బ్లేడు దించాడు. దారి అంచుల మట్టిని నడుమకి లాగుతూ, రాళ్లని పక్కకి నెడుతూ కొండ వైపు సాగాడు. పోయేటప్పుడు నడుమ కట్టగా పడ్డ మట్టిని తిరిగి వచ్చేటప్పుడు దారి మీద పరచాలి. వెనక లేచిన దుమ్ముని ఈసారి అతను అద్దంలో తీరిగ్గా చూసుకున్నాడు. కొండ మొదట బండి ఆపాడు. తలుపు తీయగానే చెట్ల బంక వాసన లోపలికి వచ్చింది. ఎడమ చెయ్యి బరువుగా ఉంది. కాసేపు కూర్చుందామనుకున్నాడు.

వైర్‌లెస్‌లో పలకకపోయేసరికి పొద్దు గూకుతుండగా చెట్ వచ్చాడు. ఇంజను సన్నగా నడుస్తూనే ఉంది. డోర్సీ తల కిటికీ అద్దానికి ఆనించి, చెట్ల వైపు చూస్తూ ప్రాణం విడిచాడు. చెట్ ముందు ఇంజను ఆపాడు. తరవాత తన టోపీ తీశాడు.

మర్నాడు షోషోనీల బండ్లు ఊళ్లోనే ఆగిపోయాయి. అతన్ని సాగనంపాకే కొండకి కదిలాయి. నడుమ ఉన్న మట్టిని తాను పరిచేస్తానని చెట్ అంటే ఎల్వీనా వద్దంది. "గింజల కాలం అయిందాకా ఉండనీరా."

ఆ మట్టి కట్టని చక్రాల నడుమ పెట్టుకుని బండ్లు ఒకదాని వెనక ఒకటి మెల్లగా కొండెక్కాయి. వాటి దుమ్ము అణిగాక కూడా అది దారి పొడుగునా జానెడెత్తున, ఎక్కడా వంకర లేకుండా పడి ఉంది. బ్లేడుకి తెగిన సేజ్ వేళ్లు దాని మీద ఇంకా పచ్చిగానే ఉన్నాయి.