సాయంత్రం దాకా

స్తోయాంకా అగ్గిపుల్లకు దూది చుట్టి, ఇంటి సారాలో ముంచి, ఎలక్ట్రానిక్ సిగరెట్టు మరచుట్లలో తిప్పుతోంది. దూది గోధుమరంగుకు మారింది. వారం రోజులుగా పొద్దున్నే ఇదే పని. ద్రవం నింపే గాజు గొట్టాన్ని బ్యాటరీ నుంచి విప్పాలి, లోపల చేరిన జిగురు తుడవాలి, మళ్ళీ బిగించాలి. ఆ సారాతోనే ఆమె కిటికీ అద్దాలు తుడుస్తుంది, జ్వరమొస్తే ఛాతీకి రాస్తుంది. ఇన్నిటికీ పనికొచ్చేది ఈ వేలెడు వస్తువుకు ఎందుకు పనికిరాదో ఆమెకు అంతుపట్టడం లేదు.

మీట నొక్కింది. వెలిగింది. మళ్ళీ నొక్కింది. వెలగలేదు. పళ్ళ బిగువున గొట్టాన్ని ఇంకొంచెం బిగించింది. అసలే వెలగలేదు.

బల్లకు అవతల గోడకు ఆనుకుని కూర్చున్న భర్త బ్లాగోయె ఈ తతంగమంతా చూస్తున్నాడు. బట్టల మిల్లు మూతపడేదాకా మగ్గాలు బాగుచేసిన మనిషి. వసంతకాలంలో గుండెపోటు వచ్చాక చొక్కాలన్నీ వదులైపోయాయి. ఇక సిగరెట్టు ముట్టుకుంటే తన దగ్గరికి రానక్కర్లేదని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి ఆయనకు ఈ గొట్టమే గతి.

"ఒసే, నా సిగరెట్టు ఎప్పుడైనా ఒక్క పుల్లకే అంటుకునేది. దీనికి ఆపరేషన్ థియేటరు కావాలి."

"నోరు మూసుకుని టీ తాగు."

"తాగుతాలే గానీ, నిన్నంతా నాలుగు దమ్ములు. అందులో రెండు ఉత్త గాలి. పిల్లాడి పాలసీసా కూడా ఇంతకంటే నయం." కప్పును రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఇవాళ సాయంత్రం దాకా ఆగుతా. అప్పటికీ వెలగలేదా, కిందకి దిగి కొట్టుకి పోయి సిగరెట్లు తెచ్చుకుంటా. తర్వాత చెప్పలేదనకు."

"సాయంత్రం దాకా ఆగుతావా?"

"అన్నాగా."

ఆ వస్తువును జేబు రుమాల్లో చుట్టుకుని ఆమె పనికి బయల్దేరింది.

సెప్టెంబరు. లెస్కోవాత్స్ ఊరంతా కారం లేని లావు ఎర్ర మిరపకాయలు కాల్చిన వాసన. ఫ్యాక్టరీ వాకిట్లో మిరపకాయల లారీలు బారులు తీరి ఉన్నాయి. కాల్చి, తొక్క తీసి, రుబ్బిన పచ్చడి జాడీల్లోకి చేరుతుంది. యంత్రం మూతలు పెడుతుంది. అది సరిగా బిగించని జాడీలన్నీ స్తోయాంకా బల్ల దగ్గరికి వస్తాయి. ఎడమచేత్తో జాడీని పొట్టకు అదిమి, కుడిచేత్తో మూత పట్టి, ఇక తిరగదు అనుకున్న చోటినుంచి మరొక్క తిప్పు తిప్పుతుంది. పెళ్ళికి ముందు చేరిన పని ఇది. బొటనవేలి మొదట్లో చర్మం తోలులా గట్టిపడింది. ఆమె బిగించిన జాడీ బూజు పట్టిందని ఇంతవరకు ఎవరూ అనలేదు.

భోజనాల వేళ నీళ్ళ పంపు పక్కన నిలబడి మీట నొక్కి చూస్తుంటే ఆడవాళ్ళు గమనించారు.

"ఏమే స్తోయాంకా, ఎప్పుడు మొదలెట్టావే?"

"మా ఆయనది. ఆయనకంటే ఇదే మొండిగా ఉంది."

అందరూ నవ్వారు. ఆమెకు నవ్వు రాలేదు. వస్తువును తీసి గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టకుండా మళ్ళీ రుమాల్లో చుట్టింది.

పని దిగాక బస్టాండు పక్కనున్న కొట్టుకు వెళ్ళింది. అక్కడ ఇలాంటి సిగరెట్లే అమ్ముతారు. కొట్టు నడిపే వోయ్‌కాన్ గొట్టాన్ని విప్పబోయాడు. రాలేదు. గుడ్డ పెట్టి తిప్పాడు. రాలేదు. చివరికి పట్టకారు తీశాడు.

"పిన్నీ, దీన్ని బిగించిందెవరు? ట్రాక్టరా?"

అతను బ్యాటరీని దీపం కిందకు వంచి చూపించాడు.

"ఈ నడిమి బొడిపె చూశారా? కాస్త పైకి నిలబడి ఉండాలి. గొట్టం వచ్చి దీన్ని తాకితేనే దానికి కరెంటు అందుతుంది. మీరు బిగించి బిగించి దీన్ని పాతాళానికి తొక్కేశారు. తగిలితే వెలుగుతుంది, తగలకపోతే లేదు. అంతే." ముక్కు ఎగబీల్చాడు. "ఈ వాసనేంటి?"

"సారా."

"పీపాలో ఊరబెట్టిన పసుపురంగు సారాయేనా?"

"మా మరిది కాచింది."

"అయ్యో, తాగాల్సినదాన్ని దీనికి పోశారా! అది ఎండితే జిగురు మిగుల్తుంది పిన్నీ. మందుల షాపు స్పిరిట్ వాడండి."

బ్యాటరీ ఆపేసి, స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, పళ్ళపుల్ల మొనతో బొడిపెను పైకి లేపాడు. తర్వాత ఆమె చేతికిచ్చాడు. "మీరే బిగించండి. తగలగానే ఆపేయాలి."

ఆమె తిప్పింది. తగిలింది. చేయి ఆగలేదు.

"ఆపండి! ఆపండి!"

మళ్ళీ విప్పించాడు. ఎన్నోసారికో గానీ ఆ చేయి మాట వినలేదు. రోజూ పొద్దున్నే శ్రద్ధగా శుభ్రం చేసి, అదే శ్రద్ధతో తనే చెడగొట్టింది. ఆయన్ని ఆ గాలి దమ్ములకు వదిలేసింది తనే. దారి పొడుగునా ఆమెకు తన చేయి మీదే కోపం.

ఇంటికి వచ్చేసరికి బ్లాగోయె వంటింటి బల్ల మీద మోచేతి మడతలో తల పెట్టుకుని ఉన్నాడు. పక్కన గిన్నెలో రాత్రి వంటకు ఒలిచిన ఉల్లిపాయలు.

"లే, చూడు. తప్పు నాదే, నీ యంత్రానిది కాదు." మీట నొక్కింది. వెలిగింది. మళ్ళీ నొక్కింది. వెలిగింది. "చూడవయ్యా!"

ఆయన లేవలేదు. భుజం పట్టుకుంది. చెంప చల్లగా ఉంది. వంగి ఆయన వేళ్ళు వాసన చూసింది. ఉల్లిపాయ వాసన. ఇంకేమీ లేదు.

సమాధి దగ్గర, మట్టి కప్పాక, మరిది తిహోమిర్ దాని మీద వైన్ పోశాడు. సిగరెట్టు ఒకటి తన పెదాల మధ్య పెట్టుకుని అంటించి, పోయినవాడి కోసం మట్టిలో గుచ్చడానికి వంగాడు. వదిన వైపు చూసి సగంలో ఆగిపోయాడు. భర్త చేత సిగరెట్లు మాన్పించడానికి ఆమె పెట్టిన పోరు ఆ పేటంతటికీ తెలుసు.

"వదినా, మనవాళ్ళ పద్ధతి కదా... నువ్వు వద్దంటే ఆర్పేస్తా."

ఆమె చేయి చాచింది.

"ఇటివ్వు. సాయంత్రం దాకా ఆగుతానన్నాడు. ఆగాడు."

మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని మట్టిలో నిలబెట్టింది. జనం ఒక్కొక్కరే భోజనాలకు కదిలారు. తడి మట్టిలో సిగరెట్టు తనంతట తానే కాలుతోంది. బూడిద పొడవుగా ఒక పక్కకు ఒరిగింది కానీ ఇంకా రాలలేదు.