లిఫ్టక్క మూడోసారి పోటీ

లిఫ్టక్క శాసనసభకు మొదటిసారి పోటీ చేసినప్పుడు కరపత్రం రాసింది ఆమె భర్తే. ఆయన బీమా ఆఫీసులో హెడ్ గుమాస్తా. ఊళ్లోవాళ్ల వివరాలన్నీ ఫారాల్లో నింపిన చెయ్యి కాబట్టి భార్య వివరాలకు తడుముకోలేదు. ఆమె లిఫ్టులు బాగుచేస్తుందన్న ఒక్క ముక్క మాత్రం వదిలేశాడు. "సాంకేతిక రంగంలో విశేష అనుభవం" అని రాసి, మెడ నిండా నగలతో తీయించిన ఫొటో వేశాడు. ఆమెను రోజూ ఖాకీ చొక్కాలో, గ్రీజు చేతులతో చూసే జనం ఆ ఫొటో చూసి "ఎవరీ మహాతల్లి?" అనుకుని వేరేవాళ్లకు ఓటేశారు.

రెండోసారి "నిలువు రవాణా నిపుణురాలు" అని రాశాడు. ఆమెకు బస్సులున్నాయనుకున్నారు. రెండువందల పన్నెండు ఓట్ల తేడాతో ఓడిపోయింది.

మూడోసారి ఆమె కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"నేను చెప్తా, మీరు రాయండి. మా నాన్న లిఫ్టు ఆపరేటరు. తాడు తెగి పోయాడు. అప్పటికి పదకొండేళ్లుగా ఆ లిఫ్టుని తనిఖీ చేసినవాడు లేడు. ఏడాదికోసారి ప్రతి లిఫ్టునీ చూసి తీరాలని చట్టం తేవాలి. నేను లిఫ్టు మెకానిక్‌ని. అంతే."

"కాస్త గౌరవంగా ఉండొద్దుటే?"

"ఇందులో అగౌరవం ఏముంది? ఈసారీ ఓడితే ఇంక నిలబడను. మీకూ ఈ తలనొప్పి వదుల్తుంది."

ఆయన అక్షరం మార్చకుండా రాశాడు. కానీ ఆఫీసులో మాత్రం, పదిహేనేళ్లుగా చెబుతున్నట్టే, "మా ఆవిడ ఇంజినీరింగ్ సైడండీ" అనే చెప్పాడు.

ప్రచారం ఆఖరి రోజు ఆరు గంటలకు మైకులు కట్టెయ్యాలి. మార్కెట్ దగ్గర ఐదింటికి పెద్ద సభ. నాలుగున్నరకు ఫోనొచ్చింది. తొమ్మిదంతస్తుల భవనంలో లిఫ్టు ఐదుకీ ఆరుకీ మధ్య ఆగిపోయింది. లోపల ఆ భవనం సంఘం అధ్యక్షుడు, ఆయన చంకలో ఎదుటి అభ్యర్థి కరపత్రాల కట్ట. గోడల మీద ఆమె పోస్టర్లు పీకించింది ఆయనే.

"కంపెనీవాళ్లొస్తార్లే, పద. జనం ఎదురుచూస్తున్నారు," అన్నాడు భర్త.

"వాళ్లెప్పుడొస్తారో మీకు తెలీదు, నాకు తెలుసు. సంచీ అందుకోండి."

ఆరో అంతస్తులో అప్పటికే సలహా సంఘం ఏర్పడింది. "ఒకసారి ఆపి మళ్లీ వెయ్యండి, మా టీవీకి అలాగే చేస్తాం," అన్నాడొకాయన. మొదటి అంతస్తు ఆవిడ, తను లిఫ్టు ఎక్కనే ఎక్కనని అందరికీ విడివిడిగా చెప్పింది.

భర్త తలుపు సందులో నోరు పెట్టాడు. "అయ్యా, ఎల్లుండి ఓటు విషయం..."

"నోరు ముయ్యండి!" అంది లిఫ్టక్క. "ఊపిరాడని మనిషి దేనికైనా సరేనంటాడు. అదీ ఒక ఓటేనా? నేను పైకెళ్లి మోటారు చక్రం చేత్తో తిప్పుతా. మా నాన్న ఎవరు ఇరుక్కున్నా తలుపు తీసేదాకా మాట్లాడుతూనే ఉండేవాడు. ఆ పని ఇప్పుడు మీది. ఓటు మాటెత్తారో, చూడండి మరి!"

మూడంతస్తులు పరుగున ఎక్కి మోటారు గదిలోకి వెళ్లిపోయింది.

ఆయనకు తెలిసిన సంభాషణ ఒక్కటే. "పుట్టిన తేదీ ఎంతండీ? గతంలో ఏవైనా జబ్బులున్నాయా?"

"ఇప్పటిదాకా లేవయ్యా," అంది లోపలి గొంతు. "పైన బాగుచేస్తోంది ఎవరు?"

ఆయన చుట్టూ చూశాడు. మెట్ల నిండా జనం. గొంతు సవరించుకున్నాడు.

"మా ఆవిడండీ. లిఫ్టు మెకానిక్."

ఆ మాట పైకి అనడం ఆయనకు అదే మొదటిసారి. ఆకాశమేం విరిగిపడలేదు. అందుకని కాస్త గట్టిగా ఇంకోసారి అన్నాడు. "ఆవిడ చెయ్యి పడ్డాక ఇంక భయం లేదండీ. నిశ్చింతగా ఉండండి."

లిఫ్టు జానెడు జానెడుగా పైకొచ్చింది. తలుపు తెరుచుకునేసరికి ఆరుకు పది నిమిషాలు. అధ్యక్షుడు బయటికొచ్చి, చొక్కా సర్దుకుని, కిందికొచ్చిన లిఫ్టక్కను ఎగాదిగా చూశాడు.

"ఓటడగవా?"

"ముందు మంచినీళ్లు తాగండి అన్నయ్యగారూ. బ్రేకు అరిగిపోయింది, మార్చేదాకా ఎవరూ ఎక్కొద్దు," అని తలుపుకు కాగితం అంటించింది.

వాళ్లు మార్కెట్‌కు చేరేసరికి మైకువాడు తీగ చుట్టేస్తున్నాడు. జనం లేరు.

మర్నాడంతా అధ్యక్షుడు గడప గడపకూ తిరిగి ఈ కథ చెప్పాడట. లిఫ్టు లేదు కాబట్టి మెట్లెక్కే చెప్పాడట. ఆయన చెప్పినదాని ప్రకారం సగం రిపేరు ఆయనే లోపలి నుంచి చేశాడు. లిఫ్టక్క ముప్ఫై ఎనిమిది ఓట్ల తేడాతో గెలిచింది.

శాసనసభ మొదటి రోజు, ఎనిమిది మంది ఎక్కాల్సిన లిఫ్టులో పదకొండు మంది ఎక్కారు.

"ముగ్గురు దిగండి," అంది లిఫ్టక్క. శాసనసభ ఆవరణలో ఆమె మొదటి ప్రసంగం అదే.

ఎవరూ కదల్లేదు. ఒకాయన తను మంత్రినని తెలియజేశాడు.

"ఎవరైనా బరువు బరువేనండీ."

మొదట దిగింది ఆమె వెంట వచ్చిన భర్తే. వెనకే మంత్రీ, ఆయన ఫైళ్లు మోసే మనిషీ దిగారు. రెండో అంతస్తు మెట్ల దగ్గరకే మంత్రికి ఆయాసం వచ్చింది.

"ఎవరయ్యా ఆవిడ?"

"మా ఆవిడండీ. లిఫ్టు మెకానిక్," అన్నాడు హెడ్ గుమాస్తా. తర్వాత మంత్రిని పరీక్షగా చూసి అడిగాడు. "గతంలో ఏవైనా జబ్బులున్నాయాండీ?"